వెన్ను మీది రాత

ఆ వ్యాపారి పుట్టిందీ పెరిగిందీ ఇస్ఫహాన్‌లోనే. తల్లిభాష ఫార్సీ. పాత ఆయుధాలు కొని అమ్మడం తండ్రి నాటి నుంచీ ఉన్న వృత్తి. అయినా ఒక కత్తి చేతికొచ్చి, దాని మీద బంగారు రాత కనబడిందంటే, ఖైసరియా బజారు వెనక సందులో ఉండే లిపికారుడైన ఉస్తాద్ ఇంటి తలుపు తట్టాల్సిందే.

అందులో వింతేమీ లేదు. పారశీక ఆయుధాల మీది రాత అచ్చు పుస్తకంలోని పంక్తిలా ఉండదు. ఖురాన్ ఆయతులూ దువాలూ అరబ్బీలో ఉంటాయి. చేసినవాడి పేరూ ఏలినవాడి పేరూ చాలావరకు ఫార్సీలో ఉంటాయి. రెండింటికీ లిపి ఒకటే కాబట్టి భాష ఎక్కడ మారిందో చదివేవాడే పట్టుకోవాలి. బా, తా, నూన్, యా అక్షరాలు మాట మధ్యలో పడితే అన్నిటికీ ఒకటే చిన్న పన్ను, తేడా అంతా చుక్కల్లోనే. చెక్కేవాడు చోటు చాలక ఆ చుక్కలు వదిలేస్తాడు, లేకపోతే ఖాళీ ఎక్కడ కనబడితే అక్కడ పెడతాడు. నీటిబొట్టు ఆకారంలో ఉన్న చిన్న చట్రంలో నాలుగు మాటలు పట్టించాలంటే ఒకదాని మీద ఒకటి పేరుస్తాడు. అలాంటి రాతని అడుగు నుంచి పైకి చదువుకుంటూ వెళ్లాలి. అందులో దేవుడి పేరు ఉందంటే, వాక్యంలో దాని స్థానం ఏదైనా సరే, గౌరవం కొద్దీ అన్నిటికంటే పైన ఉంచుతాడు. ఈ మర్యాదలు తెలిసినవాడికే అది చదువు. తెలియనివాడికి లతల అల్లిక.

ఆ రోజు వ్యాపారి మఖమల్ గుడ్డ విప్పి చాప మీద పెట్టింది ఒక షంషీర్. సన్నని అలుగు, లోతైన వంపు, వాల్రస్ దంతపు పిడి. గుడ్డ తొలగగానే మూడు చోట్ల బంగారం మెరిసింది.

"ఉస్తాద్, ఈ మూడు రాతలూ ఏమిటో కాగితం మీద రాసి, కింద మీ ముద్ర వేసి ఇవ్వండి. మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడు.

"ముందు టీ తీసుకోండి హాజీ ఆగా" అన్నారు ఉస్తాద్. ఆయన దగ్గర రాత చదవడం నేర్చుకుంటున్న అమ్మాయి గ్లాసులూ పటికబెల్లమూ తెచ్చి పెట్టి, కత్తికి అటువైపు కూర్చుంది.

ఉస్తాద్ బంగారం వైపు చూడలేదు. కత్తిని కిటికీ వెలుగులోకి తిప్పి ఉక్కు చూశారు. అలుగు పొడవునా ముదురూ లేతా చారలు అలలు అలలుగా కదిలాయి. పారశీకులు దాన్ని జౌహర్ అంటారు. పైన పూసిన రంగు కాదది. మూసలో ఇనుమునీ కర్బనాన్నీ కలిపి కరిగించి, నిదానంగా చల్లార్చి, తక్కువ వేడి మీద సాగగొట్టినప్పుడు ఉక్కు లోపల ఏర్పడే పొరల నీడ.

"ఈ ఉక్కు పుట్టింది ఇక్కడ కాదమ్మాయ్, హిందూస్తాన్‌లో" అన్నారాయన శిష్యురాలితో. "గోల్కొండ దేశం నుంచి మన బజారుకి ముద్దలుగా వచ్చేది."

ఆ మాట నిజం. గోల్కొండ ఉక్కు పారశీక దేశానికి వెళ్లేదని పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే రాశాడు. నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో మూస ఉక్కు ఎలా తీసేవాళ్లో 1820ల నాటికి స్వయంగా చూసి నమోదు చేసినవాడు హెన్రీ వాయిసీ. త్రికోణమితి సర్వేలో పనిచేసిన వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు. ఆ ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడొకడు ఆ పల్లెలోనే తనకి కనబడ్డాడని కూడా ఆయన రాశాడు. తెలుగు కమ్మరి కొలిమి దగ్గర మొదలైన కథలు ఎన్నో ఇస్ఫహాన్ కత్తుల్లో ముగిశాయి. ఆ కమ్మరుల్లో ఒక్కడి పేరూ ఏ కత్తి మీదా లేదు.

తర్వాత ఉస్తాద్ భూతద్దం తీసుకున్నారు. మొదటి చట్రం పిడికి దగ్గర్లో ఉంది.

"చదువు దొఖ్తరమ్" అన్నారు. నా కూతురా అని అర్థం. ఆయన శిష్యురాలిని అలాగే పిలుస్తారు.

ఆమె అడుగు నుంచి మొదలుపెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంది. "అమల్-ఎ అసదుల్లా ఇస్ఫహానీ. అంటే ఇస్ఫహాన్ వాడైన అసదుల్లా చేసినది."

వ్యాపారి ముఖం వెలిగిపోయింది. పారశీక కత్తుల్లో అంతకు మించిన పేరు లేదు. ఇరాన్ రాజు షా అబ్బాస్‌కి ఒట్టోమన్ సుల్తాను ఒక శిరస్త్రాణం పంపి, దీన్ని నరికే కత్తి మీ దేశంలో ఉందా అని సవాలు చేశాడనీ, అసదుల్లా చేసిన కత్తి దాన్ని రెండు చెక్కలు చేసిందనీ, ఆ సంతోషంతో షా ఇస్ఫహాన్ కత్తి పనివాళ్ల మీద పన్ను తీసేశాడనీ ఒక కథ తరతరాలుగా చెప్పుకుంటారు.

"రెండోది?"

"బందె-యె షాహ్-ఎ విలాయత్ అబ్బాస్. విలాయత్ రాజుకి దాసుడు అబ్బాస్."

విలాయత్ రాజు అంటే హజ్రత్ అలీ. అప్పట్లో ఇరాన్‌ని ఏలిన సఫవీ రాజులు తమను అలీ దాసులుగా చెప్పుకునేవారు. 1588 నుంచి 1629 దాకా ఏలిన మొదటి షా అబ్బాస్ పేరిట ఈ ముద్ర ప్రసిద్ధి.

"రాజు పేరూ, పనివాడి పేరూ రెండూ ఉన్నాయి. ఇంకేం కావాలి!" అన్నాడు వ్యాపారి.

ఉస్తాద్ భూతద్దం అతని చేతికిచ్చారు. "అసదుల్లా పేరున్న కత్తుల మీద తేదీలు చూస్తే రెండు శతాబ్దాలకు పైగా తేడా ఉంటుంది హాజీ ఆగా. ఒక మనిషి అన్నేళ్లు సుత్తి పట్టలేడు. ఆయన తర్వాత ఆ పేరు మంచి కత్తికి గుర్తయింది, ఆ తర్వాత మంచి ధరకి గుర్తయింది. అబ్బాస్ ముద్రా అంతే. ఆ మాట పక్కన పెట్టి దీన్ని చూడండి. ఈ 'అసద్' దగ్గర చిన్న తుప్పు గుంట ఉందా? బంగారం ఆ గుంట లోపలికి దిగింది. కత్తి కొత్తగా ఉన్నప్పుడు పొదిగిన బంగారమైతే తుప్పు దాని పక్కన ఆగి ఉండేది, లేదా దాని కిందకి పాకి పైకి లేపి ఉండేది. ఇక్కడ తుప్పు ముందు వచ్చింది, పేరు తర్వాత వచ్చింది."

బంగారం ఎక్కించే పద్ధతులు రెండు. గాడి లోతుగా తొలిచి అందులో బంగారు తీగ దిగ్గొట్టేది తహ్‌నిషాన్. అది తరాలు నిలుస్తుంది. ఉక్కు మీద సన్నని గీతలు అడ్డంగా నిలువుగా గీకి, ఆ గరుకు మీద పల్చని తీగ అదిమేది కోఫ్త్‌గరీ. అది చవక, తొందరగా అరుగుతుంది. ఆ రెండు పేర్లూ కోఫ్త్‌గరీ పని. అరిగిన చోట అడ్డగీతలు బయటపడుతున్నాయి.

వ్యాపారి బాధపడలేదు. "కొనేవాడు అడిగేది అసదుల్లానే ఉస్తాద్. గుంటల సంగతి వాడు అడగడు. మూడోది చూడండి."

మూడోదాని నడుమ నాలుగు గళ్ల చతురస్రం ఉంది. గడికో అక్షరం. బా, దాల్, వావ్, హా. అబ్జద్ లెక్కలో అక్షరాలకి అంకెల విలువలుంటాయి. వీటి విలువలు వరసగా 2, 4, 6, 8. బదూహ్ అని పిలిచే ఈ రక్షకు కీడు తొలగించే శక్తి ఉందని పనివాళ్ల నమ్మకం. కత్తుల మీదే కాదు, భద్రంగా చేరాలని ఉత్తరాల మీద కూడా రాసేవారు. చతురస్రం చుట్టూ సుల్స్ లిపిలో ఖురాన్ 61వ సూరాలోని 13వ ఆయత్ ముక్క. విజయం దగ్గర్లోనే ఉందని విశ్వాసులకి మాట ఇచ్చే ఆయత్ కాబట్టి ఇరాన్ ఆయుధాల మీద తరచూ కనబడుతుంది. ఈ మూడో చట్రం మాత్రం తహ్‌నిషాన్ పని. కత్తితో పాటు పుట్టినది. ఉస్తాద్ దాని మీద వేలితో మెల్లగా నిమిరారు.

"అయిపోయింది కదా" అని వ్యాపారి గుడ్డ అందుకోబోయాడు.

"ఉస్తాద్, వెన్ను మీద ఏదో ఉంది" అంది శిష్యురాలు.

కత్తి వెన్ను చిటికెన వేలంత వెడల్పు కూడా లేదు. దాని పొడవునా నల్లగా, జిడ్డుపట్టిన గీతలున్నాయి. బంగారం లేదు. చట్రం లేదు. ఒర రాపిడికి పడిన గీతలని ఎవరైనా అనుకుంటారు. ఆమె దీపాన్ని పక్కకి జరిపి, వెలుగు ఏటవాలుగా పడేలా పెట్టింది. సుద్దపొడి వేలికి అద్దుకుని వెన్ను మీద రుద్ది, పైపొడి తుడిచేసింది. గాళ్లలో నిలిచిన తెల్లదనంలో అక్షరాలు లేచాయి. రాజుల పనివాడి చెయ్యి కాదు. ఏదో పల్లె కమ్మరి ఉలితో, పట్టు కుదరక, లోతూ తేలికా కలిపి చెక్కిన నస్తాలీక్ లిపి.

మొదటి మాట చదవడానికే ఉస్తాద్‌కి చాలాసేపు పట్టింది. చదివాక కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"వక్ఫ్" అన్నారు.

వ్యాపారి చేతిలో టీ గ్లాసు ఆగింది. వక్ఫ్ అంటే దేవుడి పేర ఇచ్చేసిన సొత్తు. ఇచ్చాక ఇచ్చినవాళ్లకి కూడా దాని మీద హక్కుండదు. దాన్ని అమ్మకూడదు, కొనకూడదు, పంచుకోకూడదు.

సాయంత్రపు అజాన్ వేళకి వాక్యం పూర్తయింది. చివర ఉన్నవి అంకెలని ఆఖరున తేలింది. ఫార్సీలో ఏడు అంకె గుంటలా తెరుచుకుని ఉంటుంది, ఎనిమిది దానికి తలకిందులు. ఆ రెండూ పక్కపక్కన పడితే ఉలి జారిన గీతల్లాగే ఉంటాయి. ఉస్తాద్ మొత్తం ఒక్కసారి పైకి చదివారు.

"ఇది మెర్వ్ నుంచి తిరిగి రాని నా కొడుకు కత్తి. ఏటా ముహర్రంలో హుసైన్ పక్షాన ఒకరు దీన్ని చేతపట్టాలని మా ఊరి హుసైనియాకి వక్ఫ్ చేశాను. దీన్ని అమ్మినవాడి మీదా, కొన్నవాడి మీదా దేవుడి శాపం. ముహర్రం, 1278."

రాత చెక్కించిన తల్లి పేరు, ఊరి పేరు కూడా ఉన్నాయి. హుసైనియా అంటే ముహర్రం సంతాపానికి ఊరు కూడే మండపం.

హిజ్రీ 1278 ముహర్రం అంటే 1861 జులై. అంతకు ముందు ఏడాదే అప్పట్లో ఇరాన్‌ని ఏలిన కజార్ల సైన్యం మెర్వ్ దగ్గర తుర్కమెన్ల చేతిలో ఘోరంగా ఓడిపోయింది. వేలమంది ఇళ్లకి చేరలేదు. ఎందరో బందీలై బానిసల సంతల్లో అమ్ముడుపోయారు. ఆ ఓటమి చరిత్ర పుస్తకాల్లో ఉంది. ఒక తల్లి దాన్ని ఎలా భరించిందో ఈ కత్తి వెన్ను మీద ఉంది. మన ఊళ్లలో పీర్ల పండుగ జరిగే ముహర్రం రోజుల్లోనే ఇరాన్ పల్లెల్లో తాజియె ఆడతారు. కర్బలా కథని ఊరి జనమే వేషాలు కట్టి ఆడే నాటకమది. హుసైన్ పక్షం వాళ్లు ఆకుపచ్చ కట్టుకుని పాడతారు, ఎదుటి పక్షం ఎరుపు కట్టుకుని మాటలు చెబుతారు. పాత కవచాలూ శిరస్త్రాణాలూ కత్తులూ ఆ రోజుల్లో పెట్టెల్లోంచి బయటికొస్తాయి. కొడుకు చెయ్యి లేకపోయినా ఏటా ఒక చెయ్యి ఆ పిడి పట్టుకుంటుందని ఆమె ఏర్పాటు చేసుకుంది.

ఆయుధాల మీది రాతలు చదవడం ఎందుకని అడిగేవాళ్లకి నా జవాబు ఇదే. రాజుల పేర్లు మరో పదిచోట్ల దొరుకుతాయి. ఆ తల్లి మాట దొరికేది ఇక్కడ ఒక్కచోటే. ఎన్నో చోట్ల ఇలాంటి పంక్తి కింద 'మతపరమైన రాత' అని రెండు మాటల చీటీ అంటించి ఊరుకుంటారు. అది చదవడం కాదు, చదవకుండా దాటిపోవడం.

"ఈ ఊరు ఇక్కడికి ఎంత దూరం?" అడిగారు ఉస్తాద్.

"పూట ప్రయాణం" అన్నాడు వ్యాపారి. "ఆ ఊరివాళ్లే నాకు అమ్మారు ఉస్తాద్. హుసైనియా కప్పు కూలితే బాగుచేయించడానికి. గీతలనే వాళ్లూ అనుకున్నారు."

"ఇప్పుడు తెలిసింది కదా. తిరిగి ఇచ్చేయండి. కప్పు డబ్బు మనం నలుగురం వేసుకుందాం."

వ్యాపారి కాసేపు వెన్ను వంక చూశాడు. "మొత్తం ఎన్ని అక్షరాలుంటాయి?" అన్నాడు.

"నేను చదివింది విన్నారా?"

"విన్నాను. బంగారం లేని అక్షరం కొనేవాడి కంటికి ఆనదు. మీరు ఆ మూడు బంగారు రాతలకే కాగితం ఇవ్వండి."

"ఇస్తే నాలుగింటికీ ఇస్తాను."

వ్యాపారి మాట్లాడకుండా కత్తి చుట్టేశాడు. లేచేటప్పుడు చదివిన కూలి చాప మీద పెట్టాడు. "ఖాబెలీ నదారె" అన్నారు ఉస్తాద్. ఇస్ఫహాన్ మర్యాదలో ఎవరైనా మొదట అలాగే వద్దంటారు, రెండోసారి ఇస్తే పుచ్చుకుంటారు. ఆయన ఆ మాట మూడుసార్లు అని, డబ్బు వెనక్కి నెట్టేశారు. అతను వెళ్లాక సుద్ద అంటిన వేళ్లతోనే ఆ వాక్యాన్ని, తల్లి పేరునీ, ఊరి పేరునీ పుస్తకంలో ఎక్కించారు.

చాలాకాలం గడిచింది. ఒక రోజు సముద్రాల అవతలి దేశం నుంచి ఉస్తాద్ పేర ఉత్తరం వచ్చింది. ఆయన నస్తాలీక్ ఖ్యాతి విని ఒక పెద్దమనిషి రాశాడు. పాత ఆయుధాలు సేకరించడం ఆయనకి ఇష్టమట. ఈ మధ్యనే ఒక అపురూపమైన పారశీక ఖడ్గం కొన్నాడట. దాని మీద ఒక దీవెన ఉందనీ, కత్తి ఎవరింట ఉంటే ఆ ఇంటిని వంశపారంపర్యంగా కాపాడే దీవెన అనీ అమ్మినవాళ్లు చెప్పారట. కొత్తగా కట్టిన ఇంట్లో హాలు గోడ మీద ఆ దీవెనని పెద్ద అక్షరాలతో రాయించి పెట్టాలని ఆయన కోరిక. ఎంత సొమ్మయినా ఇస్తానన్నాడు. వెంట ఫొటోలు పంపాడు.

శిష్యురాలు ఫొటోలు ఒక్కొక్కటే చాప మీద పేర్చింది. అసదుల్లా ఉన్నాడు. అబ్బాస్ ఉన్నాడు. బదూహ్ ఉంది. నాలుగో ఫొటోలో కత్తి వెన్ను ఈ చివర నుంచి ఆ చివర దాకా ధగధగా మెరుస్తోంది. నల్లటి గాళ్లన్నీ బంగారంతో నిండిపోయాయి. నేర్పున్న పనివాడు ఎవరో చేసి ఉంటాడు. తల్లి పేరూ, ఊరి పేరూ, శాపమూ దేనినీ విడిచిపెట్టలేదు. ఒక్క చుక్క తప్పలేదు.

"ఇప్పుడు బాగా కనబడుతోంది" అంది శిష్యురాలు గొంతు వణుకుతుండగా.

ఉస్తాద్ ఆ రాత్రే జవాబు రాశారు. వాక్యం మొత్తాన్ని మాట మాటకీ అర్థం చెబుతూ రాశారు. మెర్వ్ అంటే ఏమిటో, వక్ఫ్ అంటే ఏమిటో, ఆ కత్తి ముహర్రంలో ఎవరి చేతికి వెళ్లాలో రాశారు. ఊరి పేరు, అక్కడికి వెళ్లే దారి రాశారు. 'ఇది మీ ఇంటికి దీవెన కాదు. ఇందులో శాపం పడింది అమ్మినవాడి మీదా, కొన్నవాడి మీదా. తెలియక కొన్నారు కాబట్టి మీ తప్పు లేదు. తిరిగి ఇచ్చే దారి ఇంకా ఉంది. కత్తి ఆ ఊరు చేరిన నాడు మీ గోడకి మీరు కోరిన దీవెన ఏదైనా నా చేత్తో రాసిస్తాను, కూలి తీసుకోను' అని ముగించారు. శిష్యురాలు దాన్ని ఆ పెద్దమనిషి భాషలోకి మార్చి, రెండుసార్లు సరిచూసి పంపింది.

జవాబు త్వరగానే వచ్చింది.

'మీరు తీసుకున్న శ్రమకి కృతజ్ఞతలు. అర్థం గురించి మీరు బెంగపెట్టుకోకండి, మా ఇంటికి వచ్చేవాళ్లలో ఫార్సీ చదివేవాళ్లు ఎవరూ లేరు. అక్షరాలు మాత్రం చాలా అందంగా ఉన్నాయి. బంగారు సిరాతో రాసి పంపండి.'